ఖాళీ చిత్రముల సాక్ష్యము

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య భాగమున, పసిఫిక్ సముద్రతీరమునకు సమాంతరముగా ఉత్తరదక్షిణములు సాగిన కాస్కేడ్ పర్వతశ్రేణిలో, మనుష్యులు నడచు బాటలకు చాల దూరమున, దేవదారు జాతి వృక్షముల నీడలో, చెట్ల మొదళ్లకు పట్టీలతో బిగించిన చిన్న పెట్టెలు కొన్ని ప్రతి సంవత్సరమును వేసవి పొడవునను నిలిచియుండును. వానిని అచ్చటికి మోసికొనిపోయినవారు అటవీశాఖ ఉద్యోగులు కారు. విశ్వవిద్యాలయ పరిశోధకులును కారు. సియాటిల్ మొదలగు పట్టణములలో వారమంతయు తమ తమ వృత్తులు చూచుకొని, సెలవు దినమున వీపున బరువు కట్టుకొని, బాట విడిచి పొదలను త్రోసికొనుచు, ఉపగ్రహముల సాయమున స్థలము తెలుపు జీపీఎస్ యంత్రమును నమ్ముకొని, నిర్ణీతమైన చోటికి చేరి, కెమెరాను కట్టి, అది ఎటు చూడవలెనో సరిచూచి, తేదీని, వేళను, స్థలపు గుర్తులను పత్రముపై వ్రాసి దిగివచ్చు సామాన్య పౌరులు వారు. కొన్ని వారములు గడచిన పిమ్మట వారే మరల కొండ యెక్కి, బ్యాటరీలు మార్చి, మెమరీ కార్డును తీసికొని వత్తురు. ఇందుకు వారికి జీతము లేదు. కన్సర్వేషన్ నార్త్‌వెస్ట్ అను ప్రజాసంస్థ ఈ కార్యమును అనేక సంవత్సరములుగా నడుపుచు, జట్లకు శిక్షణ నిచ్చి, ఏ లోయలో ఏ జంతువు కొఱకు వెదకవలెనో జీవశాస్త్రజ్ఞులతో ఆలోచించి నిర్ణయించుచున్నది. ఇట్టివారి శ్రమకు శాస్త్రములో ఏ స్థానము కలదో, వారు తెచ్చు చిత్రములు, అందులోను ఏ ప్రాణియు కానరాని చిత్రములు, ఏ విధమున ప్రమాణములగునో విశదపరచుటయే ఈ అధ్యాయమున నా ఉద్దేశ్యము.

తోడేళ్ల కథతో ఆరంభింతును. పశుపోషకుల తుపాకులకును, ఉచ్చులకును, విషమునకును గురియై తోడేలు వాషింగ్టన్ రాష్ట్రము నుండి 1930 ప్రాంతమునకే నిర్మూలింపబడినది. అటుపిమ్మట డెబ్బది యేండ్ల కాలము ఒంటరి తోడేలు ఎచ్చటనో కనబడినదని వదంతులు వచ్చుచుండెనే గాని, పిల్లలను కని పెంచుకొను మంద యొకటి ఉన్నదని నిరూపించుటకు ఆధారమేదియు లేకుండెను. 2008వ సంవత్సరము జూలైలో, కాస్కేడ్ల తూర్పువాలున నున్న మెథావ్ లోయలో ఆ మంద బయల్పడినది. రాష్ట్ర జీవశాస్త్రజ్ఞులు అచ్చట తోడేళ్లను పట్టి రేడియో పట్టెడలు వేసి విడిచిన దినములలోనే, పైని పేర్కొన్న సంస్థవారి కెమెరాలు తోడేలు కూనలను చిత్రములలోనికి ఎక్కించినవి. పెద్దదానిని చూచి ఎవరిదో పెంపుడు కుక్కయో సంకరజాతియో అని వాదించుటకు వీలుండును. అడవిలో తల్లి వెంట తిరుగు కూనలను చూచిన పిదప ఆ వాదమునకు తావుండదు. ఆ మందకు లుక్‌ఔట్ మంద యని పేరు వచ్చినది.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదనుట కూడ చెప్పక తప్పదు. ఆ యేడాది డిసెంబరులోనే కెనడాకు పంపుటకై పార్సెలు కార్యాలయమునకు చేరిన మూట యొకటి రక్తము కార్చుచుండుట చూచి ఉద్యోగులు అనుమానించగా, అందులో తోడేలు చర్మము బయటపడినది. దొంగవేట వలన ఆ మంద దాదాపు నశించినది. అయినను తోడేళ్లు తూర్పు నుండియు ఉత్తరము నుండియు వచ్చుట మానలేదు. 2023వ సంవత్సరాంతమున జరిపిన లెక్కలో ఆ రాష్ట్రమున కనీసము 260 తోడేళ్లు, 42 మందలు తేలినవి. కెమెరా ఏ ప్రాణినైనను కాపాడునని నేను చెప్పను. కాని ఉన్నదని తెలియని ప్రాణిని ఏ చట్టమును కాపాడజాలదు. నేరము జరిగినదని చెప్పుటకైనను, పోయినది ఏమిటో ముందు తెలిసియుండవలెను గదా.

కాస్కేడ్ల కెమెరాలు వెదకు జంతువులలో అన్నిటికంటె దుర్లభమైనది వుల్వరీన్. నీటికుక్కకు దగ్గరి చుట్టమై, చిన్న ఎలుగుబంటి ఆకారమున నుండి, ఒక్కొక్కటి వందల చదరపు కిలోమీటర్ల మంచుకొండలను తన తిరుగుడు నేలగా చేసికొను ఈ జంతువును జీవితమంతయు ఆ కొండలలో గడపినవారును చూడకపోవుట సామాన్యము. ఆడుది గడ్డకట్టిన లోతైన మంచులో గుహ త్రవ్వి అందు పిల్లలను కనును. దాని గొంతు క్రిందను రొమ్మునను లేతవన్నె మచ్చలుండును. పెద్దపులి చారల వలెనే ఈ మచ్చలును ఏ రెంటికిని ఒక్క తీరున నుండవు. అయితే నాలుగు కాళ్లపై నడచిపోవు జంతువు రొమ్మును కెమెరాకు చూపునా? ఆడ్రీ మాగౌన్ అను అలాస్కా శాస్త్రజ్ఞురాలు ఇందుకొక సరళమైన ఉపాయము కనుగొన్నది. ఒక చెట్టు నుండి అడ్డముగా దూలమును కట్టి, దాని చివరకు పైని, లేచి నిలిచినగాని అందని ఎత్తున మాంసమును వ్రేలాడదీసి, ఎదుట కెమెరాను నిలుపుదురు. దూలము మీదుగా వచ్చిన వుల్వరీన్ మాంసమునకై నిక్కి నిలుచునప్పుడు రొమ్ము మచ్చలు, ఆడదో మగదో తెలుపు గుర్తులు, పాలిచ్చు తల్లియైనచో ఆ సంగతియు, ఒక్క చిత్రములోనే తెలిసిపోవును. శీతకాలమున హిమపాతముల భయముచేత ఆ చోట్లకు ఎవరును పోలేరు గనుక, వాసనద్రవమును రోజుకు కొంచెము చొప్పున తానే జార్చు యంత్రమొకటి కూడ ఇటీవలి కాలమున నిర్మింపబడినది. మనిషి కాలు పెట్టని నెలలలో గూడ అది జంతువును కెమెరా ముందుకు పిలుచుచుండును. 2020వ సంవత్సరమున మౌంట్ రేనియర్ జాతీయోద్యానములో ఒక ఆడ వుల్వరీన్ రెండు పిల్లలతో కనబడినప్పుడు, ఆ ఉద్యానమున నూరేండ్లకు పైగా అట్టి దృశ్యము నమోదు కాలేదని అధికారులు ప్రకటించిరి.

ఈ పెట్టెలో నున్న యంత్రము పనిచేయు తీరు తెలిసికొన్నగాని దాని బలమును, లోపమును తెలియవు. వేడిగల ప్రతి వస్తువు నుండియు కంటికి కానరాని పరారుణ కిరణములు వెలువడుచుండును. కెమెరా ముఖమున నున్న గ్రాహకము తన యెదుటి ప్రదేశమును కొన్ని పట్టీలుగా విభజించుకొని చూచుచుండును. వెనుకనున్న నేలకంటెను చెట్లకంటెను భిన్నమైన ఉష్ణోగ్రత గల దేహమొకటి ఒక పట్టీ నుండి మరియొక పట్టీలోనికి జరిగినప్పుడు కిరణముల మోతాదులో కలుగు ఆకస్మికమైన మార్పు విద్యుత్ సంకేతమై కెమెరాను మేల్కొలుపును. చల్లని కాస్కేడ్లలో ఇది చక్కగా పనిచేయును. కాని ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినను గ్రాహకము భ్రమపడి చిత్రము తీయును. పరిసరముల వేడి జంతువు దేహపు వేడికి సమానమైనచో ఎదుట నిలిచిన జంతువును గూడ గుర్తింపకపోవును. మన నల్లమలలో వేసవి మధ్యాహ్నములందు ఈ రెండవ లోపమును పరిశోధకులు తప్పక గమనింపవలసియుండును. రాత్రివేళ పరారుణ దీపముచేత వెలుగు పుట్టించుటచే చిత్రములు నలుపు తెలుపులలో వచ్చును. ఆ వెలుగు మన కంటికి దాదాపు ఆనదు.

కాగా, స్వచ్ఛంద సేవకుడు నెల దినముల పిమ్మట తెచ్చిన కార్డులో వేయి చిత్రములున్నచో, అందు తొమ్మిది వందలు ఊగుచున్న గడ్డియే యైయుండవచ్చును. కొన్ని కార్డులలో ఆసాంతము ఏ జంతువును ఉండదు. క్రొత్తగా చేరినవారు ఇట్టి కార్డును చూచి ఖిన్నులగుదురు. కాని వారి పని శాస్త్రమగునది సరిగా ఈ ఘట్టముననే యని నా నిశ్చితాభిప్రాయము. వేటగాడు తాను చూచిన జంతువును గూర్చియే చెప్పును. యాత్రికుడు తాను తీసిన అందమైన చిత్రమునే దాచుకొనును. వారి మాటలనుబట్టి ఆ అడవిలో ఏమున్నదో కొంత తెలియునే గాని ఏమి లేదో తెలియదు. మండల కార్యాలయములోని వర్షమాపకము కడ ఉద్యోగి వాన కురిసిన దినమున ఎన్ని మిల్లీమీటర్లో వ్రాయుటయే గాక, కురియని దినమున సున్న వ్రాయుచుండుటచేతనే గదా అనావృష్టి ఎన్ని దినములు సాగినదో మనకు తెలియుచున్నది. ఆ సున్నను వ్రాయుట మాని, వాన పడిన దినములను మాత్రమే గుర్తుంచుకొనినచో ఆ పుస్తకమునకు విలువయే యుండదు.

అయినను సున్నలో ఒక చిక్కు కలదు. కెమెరాలో జంతువు పడలేదనగా ఆ లోయలో అది లేదనియా, ఉండియు కెమెరా ముందుకు రాలేదనియా? ఈ సందేహమునకు గణితము చక్కని సమాధానము చెప్పినది. ఒక జంతువు ఒక లోయలో నివసించుచున్నచో, ఒక వారములో అది కెమెరాకు చిక్కుటకు నూటికి 30 వంతుల అవకాశము కలదనుకొందము. చిక్కకపోవుటకు 70 వంతులు. వరుసగా రెండు వారములు చిక్కకపోవుటకు, ఆ 70లో మరల నూటికి 70 చొప్పున, 49 వంతులు. ఇట్లే గుణించుకొనుచు పోయినచో, పది వారములు వరుసగా చిక్కకుండుటకు నూటికి 3 వంతులకంటెను తక్కువ అవకాశము మిగులును. అనగా పది వారముల ఖాళీ కార్డు, ఆ జంతువు అచ్చట లేదనుటకు బలమైన సాక్ష్యమే. మరి ఆ 30 అను సంఖ్య ఎట్లు తెలిసినదని అడుగవచ్చును. జంతువు కనబడిన లోయలలో అది ఏయే వారములందు కనబడినదో, ఏయే వారములందు కనబడలేదో వరుసగా వ్రాసిపెట్టినచో, ఆ రాకపోకల నుండియే దానిని లెక్కింపవచ్చును. డారిల్ మెకెంజీయు ఆయన సహచరులును 2002లో ఈ పద్ధతిని క్రమబద్ధముగా ప్రతిపాదించిన నాటి నుండి, దేహముపై విడివిడిగా గుర్తింపదగిన మచ్చలు లేని జంతువుల విషయమున ఇది ప్రధానసాధనమైనది.

ఈ లెక్క నిలువవలెనన్నచో ఒక్క నియమము తప్పరాదు: ఆ పది వారములును కెమెరా పనిచేసియుండవలెను. నాలుగవ వారమున బ్యాటరీ అయిపోయి, ఆ సంగతి ఎవరును వ్రాయనిచో, మిగిలిన ఆరు సున్నలును అసత్యములు. కావుననే కెమెరాను కట్టిన వెంటనే సేవకుడు తానే దాని యెదుట నడచి ఒక చిత్రము తీయించుకొనును. తీయుటకు వచ్చినప్పుడును అట్లే నడచును. ఈ రెండు చిత్రములు లభించినచో యంత్రము తుదివరకు మేలుకొని యున్నదని నమ్మకము కలుగును. ఎలుగుబంటి వచ్చి కెమెరాను నేలవైపునకు త్రిప్పినచో, ఏ దినమున త్రిప్పినదో చివరి చిత్రమునుబట్టి గుర్తించి పత్రములో నమోదు చేయవలెను. శిక్షణలో నేర్పవలసినదంతయు ముఖ్యముగా ఇదియే. కొండ యెక్కగల శక్తి అనేకులకు కలదు. చచ్చిన బ్యాటరీ తేదీని శ్రద్ధతో వ్రాయు ఓర్పు కలవారు లభించుట దుర్లభము, వారినే నేను ఎక్కువగా గౌరవింతును.

స్నోక్వాల్మీ కనుమ గుండా కాస్కేడ్లను దాటు ఐ-90 రాజమార్గము కడ ఈ శ్రద్ధ ఫలించినది. దినమునకు సుమారు 28,000 వాహనములు పోవు ఆ దారి పర్వతశ్రేణిని రెండు ముక్కలుగా చేసి, ఉత్తరపు జంతువులకు దక్షిణముతో సంబంధము లేకుండ చేయుచుండగా, రహదారిని వెడల్పు చేయు సందర్భమున జంతువులు దాటుటకై క్రిందుగా మార్గములను, పైన మట్టి పరచి మొక్కలు పెంచిన విశాలమైన వంతెనను నిర్మించిరి. నిర్మాణమునకు ముందే సేవకుల కెమెరాలు ఇరువైపుల అడవులలో ఏయే జంతువులు తిరుగుచున్నవో చూచుటకు ఆరంభించినవి. వంతెన మీద కయోటీయో జింకయో ఎల్క్ మందయో నడచుచున్న చిత్రమును చూచి అందరును సంతోషింతురు. కాని ఆ వంతెన వలన ఏమి మారినదని తూచి చెప్పుటకు తక్కెడలో రెండవ వైపున వేయవలసినవి పూర్వపు సంవత్సరముల రికార్డులు, వానిలోని ఖాళీలతో సహా.

   

కెమెరాలు వందలు వేలు అయినప్పుడు వేరొక సమస్య తలయెత్తును. కొండ యెక్కువారు దొరకిరి. లక్షల కొలది చిత్రములను చూచువారెవరు? దీనికి సమాధానము ఆఫ్రికాలో లభించినది. టాంజానియాలోని సెరెంగెటి మైదానములలో 1960ల నుండియు సింహములపై పరిశోధన సాగుచున్నది. మినసోటా విశ్వవిద్యాలయపు క్రెయిగ్ పాకర్ దానికి చిరకాలము నాయకత్వము వహించెను. ఆయన శిష్యురాలైన అలెగ్జాండ్రా స్వాన్సన్, సింహము, హైనా, చీతా ఒక్క నేలపై ఎట్లు కలిసి బ్రదుకుచున్నవో తెలిసికొనగోరి, 2010లో 1,125 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును గళ్లుగా విభజించి, ప్రతి 5 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున 225 కెమెరాలను నిలిపెను. మూడేండ్లలో 12 లక్షల చిత్రసముదాయములు పోగైనవి. వానిని ఒక పరిశోధకురాలు చూచి ముగించుట అసాధ్యము. 2012 డిసెంబరులో ఆ చిత్రములను జూనివర్స్ అను వేదిక ద్వారా లోకమునకు తెరచిరి. అంతకు అయిదేండ్ల పూర్వము గెలాక్సీల ఆకారములను సామాన్యుల చేత వర్గీకరింపజేసి విజయము పొందిన ప్రయత్నము నుండి పుట్టినది ఆ వేదిక. నమోదు చేసికొనిన 28,000 మందియు, నమోదు చేసికొనని వేలాదిమందియు కలిసి కోటికి పైగా తీర్పులిచ్చిరి. ఆ 12 లక్షలలో జంతువులున్నవి 3,22,653 మాత్రమే. మిగిలినవానిలో చాల భాగము ఎండకు కాగి గాలికి ఊగిన సెరెంగెటి గడ్డి.

జంతుశాస్త్రము చదువని వ్యక్తి, తన దేశమున నెన్నడును చూడని జంతువును గుర్తించుటలో పొరపడడా? పొరపడును. కావున ఏ ఒక్కరి మాటను తీర్పుగా గ్రహింపలేదు. మొదట చూచిన అయిదుగురును వరుసగా ఏమియు లేదన్నచో ఆ చిత్రము ఖాళీయని ప్రక్కన పెట్టిరి; పదిమంది ఒక్క జంతువు పేరే చెప్పినచో అంతటితో నిలిపిరి; ఏకాభిప్రాయము కుదరనిచో 25 మంది వరకు చూపిరి. అట్లు తేలిన తీర్పులలో కొన్నింటిని నిపుణులు గుర్తించిన 4,149 చిత్రసముదాయములతో సరిపోల్చగా, జంతువు జాతి విషయమున 96.6 శాతము సరిపోయినది. జిరాఫీ వంటి జంతువును ఎవరును పొరపడరు. అరుదుగా కనబడు వానియందు పొరపాట్లు ఎక్కువ. ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది వేరొక సంగతి. చూచినవారి నడుమ భేదాభిప్రాయము ఎంత ఎక్కువగా నున్నదో, ఆ చిత్రము విషయమున తీర్పు తప్పగుటకు అంత ఎక్కువ అవకాశము కలదని తేలినది. కనుక భేదాభిప్రాయమును దాచివేయక దానినే కొలతగా స్వీకరించి, ఏ చిత్రములను నిపుణునికి పంపవలెనో దానినిబట్టి నిర్ణయింపవచ్చును. ఎవరును పూర్ణజ్ఞులు కాని సమూహము తన అజ్ఞానపు పరిమాణమును గూడ తానే కొలిచి చెప్పగలుగుట శాస్త్రచరిత్రలో సామాన్యమైన విషయము కాదు.

స్వాన్సన్ ప్రశ్నకు సమాధానము దొరకినదా యనగా, కొంత దొరకినది. సింహములున్న చోట చీతాలు నిలువజాలవని పూర్వము అనేకులు తలంచుచుండిరి. చీతా కూనలను సింహములు చంపుచుండుట నిజమే. కాని చిత్రముల కాలక్రమమును పరిశీలింపగా, చీతాలు సింహముల ప్రదేశమును శాశ్వతముగా విడిచిపోవుట లేదనియు, సింహము వచ్చిపోయిన పిమ్మట కొన్ని గంటలు మాత్రము ఆ చోటికి దూరముగా నుండి, తరువాత మరల అచ్చటికే వచ్చుచున్నవనియు తెలిసినది. నేలను పంచుకొనుటకు బదులు అవి కాలమును పంచుకొనుచున్నవి. ఈ నిర్ణయమునకు సింహములేని వేలాది గంటల రికార్డు ఎంత అవసరమో చదువరులు గ్రహింతురు గాక.

2018లో ఈ సెరెంగెటి చిత్రముల నుండియే కంప్యూటర్లకు జంతువులను గుర్తించుట నేర్పిరి. తనకు నమ్మకమున్న చిత్రములను మాత్రమే యంత్రము తీర్మానించి తక్కినవి మనుష్యులకు విడిచినచో, మొత్తములో 99.3 శాతమును అది తానే, సేవకుల తీర్పునకు తీసిపోని ఖచ్చితత్వముతో చూడగలుగునని ఆ పరిశోధకులు ప్రకటించిరి. ఇక మనుష్యులతో పని లేదని కొందరు త్వరపడి చెప్పిరి. ఆ యంత్రమునకు గురువులు ఎవరు? ఎన్నో దేశములలో ఇండ్ల యందు కూర్చుండి, ఇది జీబ్రా, ఇది గజెల్, ఇందులో ఏమియు లేదు అని గుర్తించిన వారి తీర్పులనే అది పాఠములుగా చదివినది. మరియు ఒక్క అడవిలో నేర్చిన యంత్రము వేరొక అడవికి పోయినచో తడబడును. అచ్చటి చెట్లు, నేల, వెలుతురు క్రొత్తవి గనుక మరల గురువులు కావలసివత్తురు.

మన దేశమున ఈ విద్య చాల ముందుగానే ప్రవేశించినది. అమెరికాలో జార్జి షైరస్ అనునాయన, వేట మాని, జంతువు తగిలినచో మెఱుపు దీపము వెలుగునట్లు తీగ కట్టి తీసిన రాత్రిచిత్రములను 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రచురించినది. తదనంతరము హిమాలయపు దిగువ అడవులలో ఉద్యోగము చేసిన ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అను అటవీశాఖాధికారి, తుపాకిని విడిచి ఇట్టి తీగలతోనే పెద్దపులుల చిత్రములను తీసి 1927లో గ్రంథముగా వెలువరించెను; చారల భేదముచేత ఏ పులి ఏదో గుర్తింపవచ్చునని ఆయన గ్రహించెను. ఆ గ్రహింపును గణితముతో జోడించినవాడు ఉల్లాస్ కారంత్. 1995లో ఆయన నాగరహొళె పులులపై ప్రచురించిన పరిశోధన లోకమంతటను పులుల గణనమును మార్చినది. దాని సూత్రము సులభము. మొదటి విడతలో 10 పులులు కెమెరాకు చిక్కినవనుకొందము. రెండవ విడతలో 12 చిక్కగా, వానిలో 6 మొదటివే యని చారలు చెప్పినవి. రెండవసారి చిక్కినవానిలో సగము పాతవైనచో, మొదట చిక్కిన పదియు అడవిలోని పులులలో సగమేయని ఊహింపవచ్చును. కావున మొత్తము 20. వాస్తవమున లెక్క ఇంతకంటె జటిలమైనను మూలము ఇదియే. 2022 జాతీయ గణనములో 32,588 చోట్ల కెమెరాలు నిలుపగా 4 కోట్ల 70 లక్షలకు పైగా చిత్రములు వచ్చినవి. అందు పులి యున్నవి 97,399, అనగా వేయింటికి రెండు మాత్రమే. వేరువేరుగా గుర్తింపబడిన పులులు 3,080. దేశమంతటను సగటున 3,682 ఉండునని అంచనా వేసిరి.

ఈ మహాకార్యమును నడుపుచున్నది ముఖ్యముగా అటవీశాఖ సిబ్బందియే. నాగార్జునసాగర్–శ్రీశైలము, అమ్రాబాదు అరణ్యములలో కెమెరాలు కట్టుటకు దారి చూపువారు, పులి అడుగును చూచి అది ఎటు పోయినదో చెప్పువారు చెంచులు. హైదరాబాదు టైగర్ కన్సర్వేషన్ సొసైటీ వంటి స్వచ్ఛంద సంస్థలు తెలంగాణ అడవులలో శాఖకు తోడ్పడుచున్నవి. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు వచ్చు పులిని, రెండు రాష్ట్రముల చిత్రములలోని చారలను సరిపోల్చి, ఇది ఆ పులియే యని చెప్పవచ్చును. కాని అభయారణ్యములకు వెలుపలనున్న ప్రత్తిచేల అంచులలోను, చెరువుగట్ల మీదను, గుట్టల నడుమను శాఖవారి కెమెరాలు పలుచన. నక్కలు, పునుగుపిల్లులు, అలుగులు, దుమ్ములగొండ్లు అచ్చట ఎన్ని మిగిలినవో చూచుటకు అనుమతి పొందిన పౌరుల జట్లు, కళాశాల విద్యార్థులు పూనుకొన్నచో, కాస్కేడ్ల సేవకులు చేసిన పని మన నేలపైనను జరుగగలదు.

దానికి ముందు ఒక విషయమున మనము జాగరూకులము కావలెను. కెమెరా పులిని మాత్రమే తీయదు. కట్టెలకు, అడవిపంటలకు పోవు మనుష్యులను గూడ తీయును. కాస్కేడ్లలో అట్లు కెమెరాకు చిక్కువాడు వినోదార్థము వచ్చిన యాత్రికుడు. మన దేశమున అడవి ఒకరి జీవనాధారము, ఇల్లు. కార్బెట్ పులుల అభయారణ్య పరిసరములలో కేంబ్రిడ్జి పరిశోధకుడొకరు జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనమున, అడవిలో ఏకాంతమున నున్న ఒక స్త్రీ చిత్రము కెమెరా నుండి బయటకు వెలువడి ఊరిలో వ్యాపించిన ఉదంతము కలదు. కెమెరాల భయమున స్త్రీలు అలవాటైన చోట్లను విడిచి క్రొత్తదారులు పట్టుచున్నారనియు, పాటలు పాడుట, పెద్దగా మాటలాడుకొనుట తగ్గించిరనియు ఆయన వ్రాసెను. అడవిలో గట్టిగా మాటలాడుకొనుచు నడచుట మృగములను దూరముగా నుంచు ఉపాయము. దానిని విడుచుట ప్రాణాపాయమునకు దారి తీయును. పులిని కాపాడు సాధనము ఆడువారిని పులినోటికి దగ్గర చేయుట ఏ న్యాయమునకును ఒప్పదు.

దీనికి ఉపాయము లేకపోలేదు. చిత్రములో మనిషి యున్నాడో, వాహనమున్నదో, జంతువున్నదో, లేక ఏమియు లేదో మాత్రమే చెప్పు కంప్యూటర్ కార్యక్రమములు ఇప్పుడు ఉచితముగా లభించుచున్నవి. మెమరీ కార్డును ఎవరును తెరచి చూడకమునుపే వాని చేత వడపోయించి, మనుష్యులున్న చిత్రములను అచ్చటికచ్చటనే తుడిచివేయవచ్చును. కెమెరా కట్టుటకు ముందు గూడెమునకు పోయి, ఏ చెట్టుకు కట్టుచున్నారో, ఎన్ని వారములుంచెదరో పెద్దలకు చెప్పి వారి సమ్మతి పొందవలెను. ఆడువారు పోవు చోట్లు ఏవో ఆడువారినే అడిగి వానిని విడిచిపెట్టవలెను. పులి చిక్కిన స్థలపు గుర్తులు బహిరంగమైనచో దొంగవేటగానికి దారి చూపినట్లగును గనుక వానిని శాఖకు మాత్రమే అప్పగింపవలెను. బ్యాటరీ ఆగిన తేదీని వ్రాయు ఆ పత్రములోనే, గూడెమున ఎవరితో ఏ దినమున మాటలాడినారో వ్రాయుటకు ఒక వరుసను చేర్చవలసియున్నది.